పని మానడం నేరమా? అంబేడ్కర్ జీవితంలో ఒక వాదన

1916 నాటి యునైటెడ్ ప్రావిన్సెస్, అంటే నేటి ఉత్తరప్రదేశ్, మునిసిపాలిటీల చట్టంలో ఒక నిబంధన ఉంది. మునిసిపల్ కొలువులో ఉన్న పాకీ మనిషి రాతపూర్వక ఒప్పందంలోని షరతుల ప్రకారమో, బోర్డు అనుమతితోనో తప్ప పని వదిలిపెడితే రెండు నెలల వరకు జైలుశిక్ష విధించవచ్చునని అది చెబుతుంది. అదే కార్యాలయంలో గుమాస్తా పని మానితే జీతం పోతుంది, మహా అయితే ఉద్యోగం పోతుంది. పాకీ మనిషి పని మానితే జైలుకు పోవాలి. ప్రజారోగ్యానికి సంబంధించిన ఇతర సిబ్బందికి కూడా దీనిని వర్తింపజేసే అధికారాన్ని ప్రభుత్వం తన చేతిలో ఉంచుకున్నది. అయితే నిబంధన ఎవరిని కొలతగా పెట్టుకుని రాయబడిందో అందులోని మాటే చెబుతుంది. మన దేశంలో ప్రభుత్వ కార్మికుల సమ్మెను శిక్షార్హం చేసిన చట్టాల చరిత్రను ఎవరైనా రాయబూనితే, దానిని కార్మిక చరిత్రగానే కాక కుల చరిత్రగా కూడా రాయవలసి ఉంటుందని నేను అనుకోవడానికి కారణం ఇదే.

ఆ చరిత్ర చాలా వరకు ఒక మనిషి జీవితంలో ఇమిడి ఉంది. భీమ్‌రావ్ రామ్‌జీ అంబేడ్కర్‌ను రాజ్యాంగ రచయితగా, కుల నిర్మూలనవాదిగా, బౌద్ధునిగా మన విశ్వవిద్యాలయాలు ఎంతో కొంత చదువుతున్నాయి. సమ్మె మీద శిక్షలను చట్టసభలో నిలబడి వ్యతిరేకించిన అంబేడ్కర్, ఆ తర్వాత నాలుగేళ్లకు అటువంటి శిక్షలు అమలులో ఉన్న ప్రభుత్వంలోనే కార్మిక శాఖను చేపట్టిన అంబేడ్కర్ మాత్రం జయంతి సభల్లో అరుదుగా వినిపిస్తారు. ఆ కోణం నుంచి ఆయన జీవితాన్ని ఇక్కడ చెప్పదలచుకున్నాను.

ఆయన 1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంటులో పుట్టారు. తండ్రి రామ్‌జీ సైన్యంలో సుబేదారు. కుటుంబ మూలాలు రత్నగిరి ప్రాంతంలోని అంబవడే గ్రామంలో ఉన్నాయి. మహార్‌కు పల్లెలో ఒక కొలువు పుట్టుకతోనే రాసిపెట్టి ఉండేది. సర్కారు కబురు పక్క ఊరికి మోయాలి, వచ్చిన అధికారి సామాను ఎత్తాలి, పొలిమేర తగాదాలో సరిహద్దు చూపాలి, చచ్చిన పశువును ఈడ్వాలి, చావు కబురు చెప్పిరావాలి. దీనికి వతన్ అని పేరు. 1874 నాటి బొంబాయి వంశపారంపర్య ఉద్యోగాల చట్టం దానిని సర్కారు రికార్డుల్లోకి ఎక్కించింది. ప్రతిఫలంగా దక్కేది పిడికెడు ఇనాము నేల, రైతులు కళ్లంలో విదిల్చే బలుతా గింజలు. కొలువు ఒకరి పేర ఉన్నా చాకిరీ ఇంటిల్లిపాదిదీ. మనిషి ఇంట్లో లేకపోతే తండ్రో కొడుకో వెళ్లాలి. వేళాపాళా లేదు. సర్కారుకు చేసే పని కాబట్టి కాదనే వీలు లేదు.

తెలుగు పాఠకులకు దీనిని పరదేశపు వింతగా చెప్పనక్కరలేదు. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల్లో తలారి, వెట్టి అని, నిజాం ఇలాకాలో నీరడి, బేగారి, సేత్‌సింధీ అని పిలిచిన గ్రామ సేవకులు ఈ వ్యవస్థకు మన రూపాలు. వెట్టి అన్నది ఒక ఉద్యోగం పేరు కావడమే ఈ వ్యవస్థ ఎటువంటిదో చెబుతుంది. ప్రభుత్వోద్యోగి అనగానే మనకు బల్ల వెనుక కూర్చున్న మనిషి కనబడతాడు. నా దృష్టిలో ఈ దేశపు అతి పురాతన ప్రభుత్వోద్యోగి ఈ గ్రామ సేవకుడే. సమ్మె మాట అటుంచి, రాజీనామా కూడా ఎరగని ఉద్యోగి ఆయన.

అంబేడ్కర్ స్వయంగా ఒక కొలువు ఒప్పందాన్ని దాటవలసి వచ్చింది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన విద్యార్థి వేతనంతో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లేముందు, తిరిగి వచ్చాక పదేళ్లు ఆ సంస్థానంలో పనిచేస్తానని ఆయన సంతకం చేశారు. 1917లో వచ్చి చేరారు. కార్యాలయంలో బంట్రోతులు ఫైళ్లను అంటకుండా ఆయన బల్ల మీదికి విసిరేవారు. ఊళ్లో అద్దె ఇల్లు దొరకలేదు. పార్సీ సత్రంలో తలదాచుకుంటే కులం తెలుసుకుని కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఆయన కొలువు వదిలి బొంబాయి చేరారు. చదువుకు పెట్టిన డబ్బు తిరిగి కట్టే విషయమై సంస్థానంతో ఆ తర్వాత కొంతకాలం ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి. వ్యవహారం అంతకు మించి పోలేదు, ఎవరూ ఆయనను జైలులో వేయజూడలేదు. ఒప్పందం తప్పితే తేలవలసింది బాకీ లెక్క మాత్రమేనన్న సూత్రాన్ని తర్వాత బారిస్టరుగా ఆయన పుస్తకాల్లో చదివారు. అయితే అంతకు ముందే ఆ సూత్రం ఆయన జీవితంలో అమలైంది. ఈ పోలికను ఆయన ఎక్కడైనా చేశారని నేను అనడం లేదు, ఇది నేను చేస్తున్న పోలిక.

1927లో ఆయన బొంబాయి శాసనమండలిలో నామినేటెడ్ సభ్యునిగా అడుగుపెట్టారు. మహద్ చెరువు నీటి సత్యాగ్రహం జరిగింది కూడా ఆ ఏడాదే. మరుసటి సంవత్సరం మార్చిలో వంశపారంపర్య ఉద్యోగాల చట్టానికి సవరణ బిల్లు తెచ్చారు. కొలువులో ఉన్నవారికి ఖజానా నుంచి లెక్కగా జీతం, చేయవలసిన పనులకు ఒక హద్దు, బలుతా గింజలకు బదులు నగదు, ఇష్టం లేనివారు పూర్తి శిస్తు కట్టి భూమిని ఉంచుకుని కొలువును వదులుకునే వీలు ఆ బిల్లులోని ముఖ్యాంశాలు. నాలుగోదే అసలైనది. పని వదులుకునే స్వేచ్ఛ ఉంటేనే పని ఉద్యోగమవుతుంది, లేనినాడు అది బానిసత్వం. సర్కారు ససేమిరా అన్నది. చౌకగా దొరికే సేవకులను జీతగాళ్లుగా మార్చితే ఖజానాకు బరువన్నది దాని లెక్క. సెలెక్ట్ కమిటీ చేతుల్లో బిల్లు నీరుగారిపోగా 1929లో అంబేడ్కర్ దానిని ఉపసంహరించుకున్నారు. ఆ వతన్‌లను రద్దు చేసిన చట్టం 1958లో గాని రాలేదు. అప్పటికి ఆయన చనిపోయి రెండేళ్లయింది.

సమ్మె పట్ల ఆయన వైఖరి మొదటి నుంచీ ఒకే తీరుగా లేదు. 1928లో బొంబాయి బట్టల మిల్లుల్లో ఆరు నెలల పాటు మహా సమ్మె నడిచింది. ఆ మిల్లుల్లో నేత విభాగం దళితులకు నిషిద్ధం. నాడె కన్నంలోంచి నూలు పోగును నోటితో పీల్చి లాగవలసి ఉండేది, అంటరానివాడి నోరు తగిలిన నాడెను తాము ముట్టబోమన్నది సవర్ణ కార్మికుల పట్టు. నేతలోనే కూలి ఎక్కువ. ఎర్రజెండా కింద వర్గ ఐక్యత గురించి ఉపన్యసిస్తున్న నాయకులకు ఈ సంగతి తెలియనిది కాదు. దీనిని కోర్కెల పత్రంలో చేర్చితే తప్ప తమవారు సమ్మెలో నిలబడరని అంబేడ్కర్ తేల్చి చెప్పాక వారు అయిష్టంగా చేర్చారు. 1929లో మళ్లీ సమ్మె వచ్చినప్పుడు ఆయన వ్యతిరేకించారు. వరుస సమ్మెల్లో మొదట పస్తులుండేది, చివర తిరిగి పనిలోకి తీసుకోబడేది దళిత కార్మికులేనన్నది ఆయన అనుభవం. ఆ కారణంగా ఆయనను కార్మిక వ్యతిరేకిగా చిత్రించినవారు ఉన్నారు. నాడె సంగతిని దాటవేసినవారికి ఆ మాట అనే అర్హత ఉందని నేను అనుకోను.

ఈలోగా చట్టం మరో దారిలో నడుస్తున్నది. బయానా పుచ్చుకుని పనికి రాని కూలీని జైలుకు పంపే 1859 నాటి చట్టం, తేయాకు తోటల నుంచి పట్నాల దాకా లక్షలాది మందిని పీడించి, 1926లో రద్దయింది. ఒప్పందం తప్పడం సివిల్ వివాదమే గాని నేరం కాదని బ్రిటిష్ ప్రభుత్వం కూడా సూత్రప్రాయంగా ఒప్పుకున్నట్లయింది. మూడేళ్లు తిరగకుండానే, మిల్లుల సమ్మె రేపిన భయంలో, 1929 నాటి కార్మిక వివాదాల చట్టం వచ్చింది. ప్రజోపయోగ సేవలన్న ఒక తరగతిని అది ఏర్పరచింది. తపాలా, తంతి, నీరు, దీపాలు, వాటితో పాటు పారిశుధ్యం ఆ జాబితాలో ఉన్నాయి. ఆ సేవల్లో నెలజీతగాళ్లు ముందస్తు నోటీసు లేకుండా పని మానితే శిక్ష. ముందు తలుపు నుంచి వెళ్లిపోయిన నేరం పెరటి తలుపు నుంచి మళ్లీ లోపలికి వచ్చింది. యునైటెడ్ ప్రావిన్సెస్ పాకీ నిబంధన మాత్రం ఈ రద్దులూ మార్పులూ అంటకుండా చెక్కుచెదరలేదు.

1935లో అంబేడ్కర్ బొంబాయి మునిసిపల్ కార్మికులతో మునిసిపల్ కామ్‌గార్ సంఘ్‌ను నెలకొల్పారు. మరుసటి ఏడాది ఇండిపెండెంట్ లేబర్ పార్టీని స్థాపించి, 1937 ఎన్నికల తర్వాత బొంబాయి శాసనసభలో ప్రతిపక్షంలో కూర్చున్నారు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభకు అధ్యక్షత వహించి, ఈ దేశపు కార్మికులు ఎదిరించవలసిన శత్రువులు బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ అని చెప్పారు. ఆ సెప్టెంబరులోనే బి.జి. ఖేర్ నాయకత్వంలోని కాంగ్రెసు ప్రభుత్వం పారిశ్రామిక వివాదాల బిల్లును తెచ్చింది. రాజీ ప్రక్రియ తప్పనిసరి, అది ముగిసే వరకు సమ్మె చట్టవిరుద్ధం, ఉల్లంఘిస్తే శిక్ష అన్నది దాని సారం.

ఆ బిల్లుపై అంబేడ్కర్ చేసిన ప్రసంగం ఆయన చట్టసభా జీవితంలోనే మేలైన వాటిలో ఒకటని నా అభిప్రాయం. ఆయన ఆవేశపడలేదు, మెట్టు మెట్టుగా కట్టుకుంటూ పోయారు. సమ్మె అంటే ఏమిటి? సేవా ఒప్పందాన్ని భంగపరచడం. ఒప్పంద భంగానికి చట్టం చూపే పరిహారం ఏమిటి? నష్టపరిహారం. భారత శిక్షా స్మృతి సైతం కొన్ని అరుదైన సందర్భాల్లో తప్ప దానిని నేరంగా చూడలేదు. ఎందుకు చూడలేదు? ఇష్టం లేని మనిషిచేత జైలు చూపించి పనిచేయించడం బానిసత్వం అవుతుంది గనుక. కాబట్టి సమ్మెను శిక్షించడమంటే కార్మికుణ్ని బానిసను చేయడమే. సమ్మె హక్కు స్వేచ్ఛకు మరో పేరు. స్వాతంత్ర్యాన్ని జాతి జన్మహక్కుగా చెప్పుకునే పార్టీకి కార్మికుని స్వాతంత్ర్యం నేరంగా ఎలా కనబడిందని ఆయన నిలదీశారు. ఈ వాదనను ఒక న్యాయవాది తర్కంగా చదవవచ్చు. అయితే అది చెబుతున్న నోరు వతన్‌దారు ఇంటిది. బానిసత్వం అన్న మాట ఆయన ప్రసంగంలో అలంకారం కాదు.

బిల్లు నెగ్గింది. నవంబరు 7న దానికి వ్యతిరేకంగా ఒకరోజు సమ్మె జరిగింది. 1929లో ఎదురు నిలిచిన అంబేడ్కర్ ఈసారి డాంగే మొదలైన కమ్యూనిస్టులతో కలిసి లారీ ఎక్కి కార్మిక వాడల్లో తిరిగారు. పోలీసు కాల్పులూ జరిగాయి. సమ్మె ఎందుకోసమన్నది ఆయనకు ముఖ్యం, సమ్మె చేసే స్వేచ్ఛ మాత్రం ప్రశ్నకు అతీతం. 1929 నాటి, 1938 నాటి వైఖరుల మధ్య వైరుధ్యం ఉన్నదని వాదించేవారు ఈ రెండింటినీ ఒకటిగా కలిపివేస్తున్నారు.

1942 జులైలో ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యునిగా చేరారు. అభిమానులకు ఇబ్బందికరమైన అధ్యాయం ఇదే, అందుకే దీనిని దాటిపోను. యుద్ధకాలం అది. అత్యవసర సేవల ఆర్డినెన్సు 1941లోనే వచ్చింది. నియమిత ఉద్యోగి అనుమతి లేకుండా పని వదిలితే అది నేరం. నోటీసు లేని సమ్మెలను నిషేధించే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చిన భారత రక్షణ నిబంధన 81-ఏ, 1942 జనవరి నాటికే అమలులో ఉంది. వాటిని ఆయన తేలేదు, ఉన్న నాలుగేళ్లలో తీసివేయనూ లేదు. ఫాసిజంపై యుద్ధంలో కార్మికులు నిలబడాలని ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు, ఆ విషయంలో దాపరికం లేదు. మరోవైపు ప్రభుత్వం, యజమానులు, కార్మికులు ఒకే బల్ల వద్ద కూర్చునే త్రైపాక్షిక సమావేశాలను నిలబెట్టారు. కార్మిక సంఘాల గుర్తింపును యజమానులకు తప్పనిసరి చేసే బిల్లును 1943లో ప్రవేశపెట్టారు. వారానికి 48 గంటల పని పరిమితి 1946లో చట్టమైంది. ఇవన్నీ త్రాసులో వేసినా 1938 ప్రసంగానికీ 81-ఏ నిబంధనకూ మధ్య దూరం చెరిగిపోదు. యుద్ధం ఆ దూరాన్ని వివరిస్తుందే గాని సమర్థించదని నేను భావిస్తున్నాను. పైగా యుద్ధం ముగిశాక నిబంధన ముగిసిపోలేదు. దాని నమూనా 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోకి ప్రవహించింది. ప్రజోపయోగ సేవల్లో నోటీసు లేని సమ్మె అక్రమం, అక్రమ సమ్మె చేసిన కార్మికునికి నెల వరకు జైలు, లేదా 50 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పారిశుధ్యం షరా మామూలుగా ఆ సేవల్లో ఒకటి.

1946లో బొంబాయి పాకీ పనివారు సమ్మె చేసినప్పుడు గాంధీజీ తన పత్రికలో అభిప్రాయం రాశారు. కొన్ని పనుల్లో సమ్మె తగదని, పాకీ పని అటువంటిదని, దక్షిణాఫ్రికాలో ఉన్ననాటి నుంచీ తన అభిప్రాయం ఇదేనని ఆయన వైఖరి. వారి బతుకు దుర్భరమని కూడా ఆయన ఒప్పుకున్నారు, నగరవాసులు పూనుకుని వారికి న్యాయం చేయాలన్నారు. అంటరానివారి మురికి పనిని పవిత్ర సేవగా కీర్తించే ధోరణిని అంబేడ్కర్ అంతకు ఏడాది ముందే, కాంగ్రెసు, గాంధీలపై వెలువరించిన గ్రంథంలో ఎండగట్టారు. పని పవిత్రమైనదైతే దానిని అన్ని కులాలూ పంచుకోవాలి కదా అన్న ప్రశ్నకు ఆనాడూ జవాబు రాలేదు. పవిత్రమన్నా అత్యవసరమన్నా పాకీ మనిషికి మిగిలింది ఒకటే, పని మానకూడదు. నగరం నాలుగు రోజులు ఆ పని లేకుండా బతకలేదంటే, నగరంలోకెల్లా ఎక్కువ బేరం ఆడగల శక్తి ఆ కార్మికునికే ఉండాలి. చట్టం సరిగ్గా ఆ శక్తినే తీసివేసింది.

రాజ్యాంగ రచన నాటికి ఈ ప్రశ్న సగంలో ఆగింది. 23వ అధికరణం వెట్టిని, నిర్బంధ శ్రమను నిషేధించింది. అయితే అదే అధికరణం రెండో ఖండం ప్రజా ప్రయోజనాల కోసం రాజ్యం నిర్బంధ సేవను విధించవచ్చునన్నది, మతం, జాతి, కులం, వర్గం కారణంగా వివక్ష చూపరాదన్న షరతుతో. సంఘం పెట్టుకునే హక్కు 19వ అధికరణంలో చేరింది, సమ్మె హక్కు చేరలేదు. 1947లో తాను రాసిన రాష్ట్రాలు-అల్పసంఖ్యాకులు పత్రంలో కీలక పరిశ్రమలనూ వ్యవసాయాన్నీ రాజ్యం చేతిలో పెట్టాలన్న అంబేడ్కర్‌కు, రాజ్యమే యజమాని అయినప్పుడు కార్మికుని స్వేచ్ఛ ఏమవుతుందన్న ప్రశ్న మరింత ఎదురు కావలసింది. ఆ పత్రం దానిని తేల్చలేదు.

ఆయన 1956 డిసెంబరు 6న కన్నుమూశారు. ఎనిమిది నెలలు నిండకుండా, 1957 జులై 31న, ఢిల్లీలో సమ్మెలో ఉన్న పారిశుధ్య కార్మికుల వాడలో పోలీసులు కాల్పులు జరిపారు. తర్వాతి కథ న్యాయస్థానాలది. సంఘం పెట్టుకునే హక్కులో సమ్మె హక్కు ఇమిడి లేదని 1961లో సుప్రీంకోర్టు బ్యాంకు ఉద్యోగుల కేసులో తేల్చింది. 1981 నాటి అత్యవసర సేవల నిర్వహణ చట్టం, మనం ఎస్మా అనుకునేది, నిషేధిత సమ్మెలో పాల్గొన్నవారికి ఆరు నెలల వరకు జైలును, వారెంటు లేని అరెస్టును తెచ్చింది. 2003లో తమిళనాడు ప్రభుత్వం లక్షన్నరకు పైగా ఉద్యోగులను ఒక్క దెబ్బతో తొలగించినప్పుడు, ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే నైతిక హక్కు సైతం లేదన్నంత దూరం సుప్రీంకోర్టు వెళ్లింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ ముందస్తు నోటీసు షరతును ప్రజోపయోగ సేవల గీత దాటించి అన్ని పారిశ్రామిక సంస్థలకూ వర్తింపజేసింది. పాకీ మనిషిని కొలతగా పెట్టుకుని కుట్టిన అంగీ ఇప్పుడు అందరికీ తొడుగుతున్నారు. తమకు బిగుతుగా తగిలేదాకా దాని సంగతి పట్టించుకోని పై కులాల ఉద్యోగ సంఘాలు దీనిపై ఏమంటాయో చూడాలి.

తెలుగు నేల మీద 1971 నాటి నుంచీ ఆంధ్రప్రదేశ్‌కు సొంత అత్యవసర సేవల చట్టం ఉంది. నీరడి, సేత్‌సింధీల వారసులైన గ్రామ రెవెన్యూ సహాయకులు 2022లో తెలంగాణలో నెలల తరబడి సమ్మె చేశారు. వారు అడిగినవాటిలో మొదటిది పే స్కేలు, 1928 బిల్లులోనూ మొదటి అంశం లెక్కగా జీతమే. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకు దిగారు. వారికి ప్రభుత్వం ఇచ్చేదానిని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. వారు ఉద్యోగులు కారన్నది దాని వెనుక ఉన్న వాదన. సమ్మె 26వ రోజున, 2024 జనవరి 6న, ప్రభుత్వం వారి సేవలను ఎస్మా కిందికి తెచ్చి ఆరు నెలల పాటు సమ్మెను నిషేధించింది. నిషేధం తర్వాత కూడా వారు మరో రెండు వారాలకు పైగా శిబిరాల్లోనే కూర్చున్నారు.